‘పడదు’ అను మాటయు, రక్తపరీక్షయు

(సంఘ సభ్యుల సమావేశమున చదువబడిన ప్రసంగపాఠము)



తెలుగువారి పంక్తిభోజనములందు ఒక మాట తరచుగా వినవచ్చుచుండును. వడ్డించువారు గుత్తివంకాయ కూర గిన్నెతో సమీపించునప్పటికి విస్తరిపై చేయి అడ్డము పెట్టి, “నాకు వంకాయ పడదండీ” అని ఒకరు చెప్పుదురు. వడ్డించువారు మారు మాటాడక ముందునకు సాగుదురు. ఏల పడదని ఎవ్వరును అడుగరు. అడిగినచో ఒక్కొక్కరి సమాధానము ఒక్కొక్క తీరుగా నుండును. ఒకరికి తిన్న మరునాడు కీళ్ళు పట్టివేసినట్లుండును. ఒకరికి నాలుకయు, పెదవులును దురదపెట్టును. ఒకరికి చిన్నతనమున గజ్జి లేచినప్పుడు అమ్మమ్మ మాన్పించినది. గజ్జి పోయినది గాని వంకాయ తిరిగి విస్తరిలోనికి రాలేదు. ఇంకొకరికి అసలు ఇష్టమే లేదు. ఆ మాట నలుగురిలో చెప్పుటకంటె పడదనుట మర్యాద. వేరొకరికి మాత్రము, అట్టివారు మిక్కిలి అరుదు, తిన్న కొలది నిమిషములలో ఒడలెల్ల దద్దురులు లేచి, గొంతు బిగిసి, ప్రాణముమీదికి వచ్చును. ఇన్నింటికిని మన భాషలో నున్నది ఒక్కటే మాట.

ఈ మాటను తేల్చుటకు నేడు నగరములందు రక్తపరీక్ష వచ్చినది. చేతినుండి ఒక చిన్న గొట్టమునకు సరిపడు రక్తము తీసికొందురు. కొన్నిదినములకు ఒక కాగితము వచ్చును. దానిలో వరుసగా టమాటా, క్యారెట్, వంకాయ, బంగాళాదుంప, చిక్కుడు అని పేర్లును, వాని ఎదుట అంకెలును ఉండును. కొన్ని అంకెల ప్రక్కన నక్షత్రపు గుర్తు గాని, ఎఱ్ఱ అక్షరములు గాని ఉండును. గృహస్థు ఆ కాగితమును న్యాయస్థానపు తీర్పు వలె చదువుకొనును. పరీక్ష మంచిదే. అయితే అది ఒక్క ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. ఆ ప్రశ్న ఏదో ఎరుగక సమాధానమును మాత్రము ఇంటికి తెచ్చుకొనుటచే కలుగు అనర్థమే నేటి విషయము.

ముందుగా, రక్తమునకు ఏ సంబంధమును లేని దురదను తీసివేయవలెను. కందను తరుగునప్పుడు చేతులు దురదపెట్టుట తెలుగు గృహిణులందరు ఎరిగినదే. కందకు లేని దురద కత్తిపీటకేల యని సామెతకూడ కలదు. కందలోను, చేమలోను, వాని ఆకులలోను కాల్షియం ఆక్సలేట్ అను లవణము సూదులవంటి సన్నని స్ఫటికములుగా నుండును. అవి చర్మమునందును, నాలుకయందును గ్రుచ్చుకొనును. ఇది ఎవరికైనను కలుగవలసిన దురదయే. ఒకరి రక్తమునకును, మరియొకరి రక్తమునకును ఇందు భేదము లేదు. కందను చింతపండు పులుసుతో ఉడికించు మన వంటవారు దీనికి విరుగుడు ఎన్నడో కనుగొనిరి. వంకాయ, టమాటా, పాలకూర మొదలగువానియందు హిస్టమిన్ అను పదార్థము స్వయముగనే కొంత ఉండును. అది హెచ్చుగా లోనికి పోయినచో కొందరికి ముఖము ఎఱ్ఱబారుటయు, దురద కలుగుటయు సంభవించును. చూచుటకు ఇది ఎలర్జీ వలెనే యుండును గాని ఎలర్జీ కాదు. ఎలర్జీకై చేయు రక్తపరీక్షలో ఇది కనబడదు.

మరి ఎలర్జీ యనగా నేమి? ఈ మాటను 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. శరీరము ఒక పదార్థమును ఒకసారి ఎరిగిన పిమ్మట దానియెడల మారిన రీతిని ప్రవర్తించుట యని ఆయన భావము. ఆ మార్పునకు మూలము రక్తములోనే యున్నదని 1921లో బ్రెస్లా నగరమున ఇరువురు వైద్యులు చూపిరి. ఆ నగరము నేడు పోలండు దేశమున వ్రొత్స్వాఫ్ అను పేర నున్నది. ఇరువురిలో హైన్జ్ క్యూస్ట్‌నర్‌కు వండిన చేప పడదు. ఆయన రక్తపు సీరమును కొద్దిగా తీసి కార్ల్ ప్రౌస్నిట్జ్ తన పొట్టపైని చర్మములోనికి ఎక్కించుకొనెను. మరునాడు అదే చోట చేప రసమును ఎక్కించుకొనగా, చేపను హాయిగా తినగల ఆ వ్యక్తికి ఆ ఒక్కచోట మాత్రము దద్దురు లేచెను. పడకపోవుట యనునది మనసులో లేదు, కడుపులో లేదు, సీరములో నున్నదని దీనివలన స్పష్టమయ్యెను. నేటి నియమములు ఇట్టి ప్రయోగమును అంగీకరింపవు. ఒకరి రక్తమునుండి మరియొకరికి రోగములు సంక్రమించు ప్రమాదము గలదు. కాని విజ్ఞానశాస్త్రమున తన చర్మమునే కాగితముగా పరచినవారిని తలచుకొనకుండ ఈ కథ చెప్పరాదు.

సీరములోని ఆ వస్తువు ఏదో తేలుటకు మరి నలుబదియైదు సంవత్సరములు పట్టెను. 1966లో అమెరికాలోని డెన్వరునందు పనిచేయుచుండిన జపాను దంపతులు కిమిషిగే ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దానిని గుర్తించిరి. స్వీడను దేశపు ఉప్సలాలో యోహాన్సన్, బెన్నిక్ అనువారు వేరొక మార్గమున దానినే చేరిరి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున లొసాన్ నగరమున జరిగిన సమావేశము దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అని నామకరణము చేసెను. వాడుకలో ఐజి-ఇ యందురు. ఇది ఒక ప్రతిరక్షకము. రక్తమున మిక్కిలి స్వల్పముగా నుండును. చర్మమునందును, ముక్కు, గొంతు, ప్రేవుల పొరలయందును ఉండు మాస్టు కణములపై ఇది అంటుకొని కాచుకొనియుండును. తాను గుర్తెరిగిన మాంసకృత్తు వచ్చి తగిలినంతనే ఆ కణములు పగిలి, హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెదజల్లును. దద్దురులు, వాంతి, ఉబ్బసము, రక్తపుపోటు పడిపోవుట, ఇవన్నియు నిమిషములలోనే కలుగును. చాలవరకు రెండు గంటలు దాటవు. కనుక మరునాడు పట్టివేసిన కీళ్ళకు ఈ కథతో సంబంధము లేదనియే చెప్పవలెను.

ఇక పరీక్ష. 1967లోనే ఉప్సలావారు దీనికి ఉపాయము పన్నిరి. ఒక పదార్థపు మాంసకృత్తును సన్నని రేణువులకు అంటించి, దానిపై రోగి సీరమును పోయుదురు. ఆ పదార్థమును ఎరిగిన ఐజి-ఇ ఉన్నచో అది అచట అతుక్కొనును. తక్కినది కడిగివేయబడును. పిమ్మట, ఐజి-ఇని పట్టుకొను వేరొక ప్రతిరక్షకమును రేడియోధార్మిక అయొడిన్ గుర్తుతో చేర్చి, ఎంత నిలిచినదో లెక్కింతురు. 1974 నుండి ఈ పరీక్ష అంగడికి వచ్చెను. తరువాతి కాలమున రేడియోధార్మిక ద్రవ్యమునకు మారుగా కాంతిని వెలువరించు ద్రవ్యములు వచ్చినవి. సూత్రము మాత్రము మారలేదు. ఫలితమును లీటరుకు ఇన్ని కిలోయూనిట్లని చెప్పుదురు. ఒక యూనిట్టు 2.4 నానోగ్రాములు, నానోగ్రామనగా గ్రామును వందకోట్ల భాగములు చేయగా అందొక భాగము. ఇంత స్వల్పమును తూచగల త్రాసు మనుష్యుడు చేయగలిగెనన్న, అది ప్రశంసింపదగినదే. చాలకాలము 0.35 యూనిట్లను గీటుగా పెట్టుకొనిరి. దానికి లోపైనది సున్న తరగతి, 100 దాటినది ఆరవ తరగతి. నేటి యంత్రములు 0.1 వరకు చూడగలవు. చూపు ఎంత సూక్ష్మమైన అంత అక్కరలేనిదికూడ కనబడునన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పరీక్షకు గల సౌకర్యములు కొన్ని కలవు. రోగి ఆ పదార్థమును తినవలసిన పని లేదు గనుక అపాయము లేదు. దురదకు మందు మ్రింగుచున్నవారికి చర్మముపై గ్రుచ్చు పరీక్ష సరిగా రాదు. రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు. ఒడలంతయు పుండ్లుగా నున్న పిల్లవానికి గ్రుచ్చుటకు చోటే యుండదు. వానికి ఇదియే దారి.

అయితే ఆ కాగితములోని అంకె చెప్పునదేమి? ఈ రక్తమున ఈ కూరగాయ మాంసకృత్తును గుర్తించు ఐజి-ఇ ఇంత యున్నది. అంతే. ఈ మనుష్యుడు ఈ కూరగాయ తిన్నచో జబ్బుపడునని అది చెప్పుట లేదు. జబ్బుపడినచో ఎంత తీవ్రముగా పడునోకూడ చెప్పుట లేదు. కచేరీలలో పనిచేయువారికి ఈ భేదము సులభముగా బోధపడవలెను. ఫైలు తెరచుట వేరు, ఉత్తరువు జారీయగుట వేరు. తెరవబడిన ఫైళ్ళన్నియు ఉత్తరువులైనచో లోకము నిలుచునా?

ఈ భేదమెంతటిదో మన పొరుగుననే లెక్కకు వచ్చినది. కర్ణాటక రాష్ట్రమున వయోజనులపై జరిగిన ఒక విస్తృత పరిశీలన 2016లో ప్రకటింపబడెను. ఇరువదినాలుగు ఆహారపదార్థములకు రక్తములో ఐజి-ఇ పరీక్షింపగా, కనీసము ఒక్కదానికైనను ఐజి-ఇ కలవారు నూటికి 26.5 మంది యని తేలినది. వారిలో తిన్నప్పుడు జబ్బుచేసిన చరిత్రయు, రక్తములోని ఐజి-ఇయు రెండును కలిసి, ఆహారపు ఎలర్జీ యుండవచ్చునని చెప్పదగినవారు నూటికి 1.2 మంది మాత్రమే. అనగా ఆ ఊళ్ళలో దారిని పోవు నూరుగురిని పిలిచి రక్తము తీసినచో ఇరువదియారుగురి చేతికి ఎఱ్ఱ అక్షరముల కాగితము వచ్చును. వారిలో ఇరువదియైదుగురు ఆ పదార్థములను నిన్నటి వరకు సుఖముగా తినుచున్నవారే!

వంకాయకే ప్రత్యేకముగా మైసూరున ఒక పరిశీలన జరిగినది, 2008లో వెలువడినది. 741 మందిని విచారింపగా, వారు చెప్పిన చరిత్రనుబట్టియు, చర్మపరీక్షనుబట్టియు వంకాయ పడనివారనదగినవారు నూటికి తొమ్మండుగురు. రక్తములోని ఐజి-ఇ వరకు పోయి నిలిచినవారు నూటికి ఒక్కరికంటెను తక్కువ. వారిలో స్త్రీలు హెచ్చు. మన అమ్మమ్మల మాట పూర్తిగా వట్టిది కాదని మొదటి అంకె చెప్పుచున్నది. అంత భయపడవలసినదియు కాదని రెండవది చెప్పుచున్నది. వంకాయ మన దేశపు కాయ. విదేశములవారు దానిని గూర్చి అంతగా పట్టించుకొనరు. ఇట్టి శోధన మైసూరువారు కాక మరెవ్వరు చేయుదురు?

కూరగాయల విషయమున రక్తపరీక్ష ఇంతగా తబ్బిబ్బగుటకు ఒక ముఖ్యకారణము కలదు. ఐజి-ఇ చాలమారులు కూరగాయను చూచి పుట్టినది కాదు. పుప్పొడిని చూచి పుట్టినది. ముక్కుతో పీల్చిన పుప్పొడిలోని మాంసకృత్తునకును, నోటితో తిన్న కూరగాయలోని మాంసకృత్తునకును పోలిక యున్నచో, ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము రెండవదానికి అతుక్కొనును. కవలపిల్లలలో ఒకనిని పట్టుకొనవచ్చిన భటుడు మరియొకనిని పట్టుకొనినట్లు. మన భూర్జపత్రముల నిచ్చు వృక్షమునకు యూరపు ఖండమున ఒక జ్ఞాతి గలదు. వసంతమున దాని పుప్పొడి వలన తుమ్ములు, కంటినీరు కలుగువారిలో అనేకులకు పచ్చి క్యారెట్, సెలెరీ తిన్నప్పుడు నోరు దురదపెట్టును. క్యారెట్టును ఉడికించినచో ఆ సున్నితమైన మాంసకృత్తు చెడిపోవును. పెక్కుమందికి బాధ యుండదు. వినాయకచవితినాటి పత్రిలో మనము వాడు మాచిపత్రి జాతి మొక్కల పుప్పొడికిని, సెలెరీ, ధనియాలు, జీలకర్ర, సోంపు కుటుంబమునకును ఇట్టి సంబంధమే కలదు. ఇక ఢిల్లీ నివాసులకు సమీపమైనది మరొకటి. ఇచటి రిడ్జి అడవినిండ నల్లుకొనియున్న సర్కారుతుమ్మ, ఆంధ్రదేశపు చెరువుగట్లపై నున్న ఆ ముండ్లచెట్టే, దాని పుప్పొడికిని లైమా చిక్కుడు గింజకును ఐజి-ఇ విషయమున పోలిక కలదని ఢిల్లీలోని శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఢిల్లీ ధూళిలో తుమ్ముచున్నవాని రక్తమును తీసి చిక్కుడును నిందించుట ఎంత సులభమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇంతకంటె విచిత్రమైనది మరొకటి. మొక్కల మాంసకృత్తులపై ఒక విధమైన చక్కెర గొలుసులు అంటుకొని యుండును. కొందరి రక్తములో ఆ చక్కెరకే ఐజి-ఇ పుట్టును. డచ్చి శాస్త్రజ్ఞుడు ఆల్బెర్సే మొదలగువారు 1981లో దీనిని గుర్తించిరి. ఇట్టి గొలుసులు దాదాపు ప్రతి మొక్కయందును కలవు గనుక, ఆ మనుష్యుని కాగితములో కూరగాయలన్నియు వరుసగా దోషులుగా కనబడును. దీని వలన జబ్బు కలుగుట మాత్రము చాల అరుదు. ఒక కాగితములో టమాటా మొదలు గోధుమ వరకు అన్నిటికిని ఒకే తీరున కొంచెము కొంచెము అంకె యున్నదన్న, అనుభవజ్ఞుడైన వైద్యుడు మొదట ఈ చక్కెరనే అనుమానించును.

కోడిగ్రుడ్డు, పాలు, వేరుసెనగ విషయమున అమెరికా పిల్లలపై శోధించి, అంకె ఇంత దాటినచో నూటికి తొంబదియైదు పాళ్ళు నిజమైన ఎలర్జీయే యని కొన్ని గీట్లు 2001లో నిర్ణయించిరి. గ్రుడ్డునకు 7, పాలకు 15, వేరుసెనగకు 14. అవియు ఇతర దేశపు పిల్లలకు యథాతథముగ వర్తించునని చెప్పరాదు. వంకాయకు, బెండకాయకు, క్యారెట్టునకు అట్టి నమ్మదగిన గీటు లేనే లేదు.

ఇప్పుడు ఒక గృహమును ఊహించుకొనవలెను. ఆంధ్రదేశమునుండి ఢిల్లీకి బదిలీయైవచ్చిన ఒక ఉద్యోగికి నాలుగేండ్ల కుమారుడు. వానికి మోచేతుల మడతలలోను, మోకాళ్ళ వెనుకను ఎగ్జిమా యను చర్మవ్యాధి. రాత్రులు గోకికొని నిద్రపోడు. తల్లి నిద్ర సరేసరి. పొరుగువారి సలహామీద, వైద్యుని అడుగకయే, ఒక పరీక్షాశాలలో పెద్దపట్టికకు రక్తమిచ్చిరి. టమాటా, క్యారెట్, వంకాయ, చిక్కుడు, గోధుమ, వేరుసెనగ యెదుట ఒకటవ, రెండవ తరగతి అంకెలు వచ్చినవి. ఆ సాయంకాలమే వంటింటి గోడకు ఒక జాబితా అంటింపబడెను. బాలుడు ప్రతిదినము టమాటాపప్పుతో అన్నము తినుచుండెను. అది పోయెను. చపాతి పోయెను. పల్లీపచ్చడి పోయెను. మిగిలినది మజ్జిగన్నము. దురద కొంత తగ్గినట్లు మొదటి వారము తోచెను. చలికాలము రాగానే మరల వచ్చెను. తల్లి ఇంకను ఏదో మిగిలియున్నదని జాబితాకు మరి రెండు చేర్చెను. పెండ్లికి పోయిన, పిల్లవాడు అరిటాకు ముందు కూర్చుండి ప్రక్కవారి విస్తరిని చూచుచుండును. ఆరుమాసములకు వాని బరువు పెరుగక నిలిచిపోయెను.

ఇట్టి ఇండ్లు ఊహకు మాత్రమే పరిమితములు కావు. ఇందు ఎవరును తప్పుచేయలేదు. తల్లి ప్రేమతో చేసినది. యంత్రము తాను చూచిన దానినే వ్రాసినది. పరీక్షాశాలవారు అడిగినదే చేసిరి. ఆ నాలుగేండ్ల వాడు మాత్రము అన్నము కోల్పోయెను. కోల్పోవుటలో ఇంతకంటె పెద్ద అపాయము వేరొకటి కలదు. ఎగ్జిమా గల పిల్లలు సుఖముగా తినుచున్న ఆహారమును రక్తపరీక్షను మాత్రమే నమ్మి దీర్ఘకాలము మాన్పించి, పిమ్మట మరల పెట్టినప్పుడు, మునుపు లేని తీవ్రమైన ప్రతిక్రియ కలిగిన సందర్భములు వైద్యులు నమోదుచేసియున్నారు. నోటిద్వారా నిత్యము వచ్చు పదార్థమును శరీరము మిత్రునిగా ఎరుగును. ఆ రాకపోకలు తెగినచో ఆ ఎరుక చెడవచ్చును.

ఈ చెప్పినదంతయు విని, రక్తపరీక్ష యంతయు బూటకమని ఎవరైన తలచినచో అది రెండవ తప్పు. అది మొదటిదానికంటె ప్రమాదకరము. సెలెరీ వలన ప్రాణాపాయమైన ప్రతిక్రియలు కలుగుట యూరపున ప్రసిద్ధము. అందుచేతనే అచటి చట్టము ఆహారపు పొట్లములపై తప్పక పేర్కొనవలసిన పదునాలుగు పదార్థములలో ఆవాలతోపాటు దానినికూడ చేర్చినది. జూరిచ్ నగరపు వైద్యులు సెలెరీ పడదని చెప్పిన 32 మందికి మారువేషమున దానిని తినిపించి చూడగా, 22 మందికి నిజముగనే పడలేదు. ఇది 2000 నాటి మాట. మరుసటి సంవత్సరము క్యారెట్ విషయమున 26 మందిలో 20 మందికి రుజువైనది. రుజువైనవారిలో రక్తపరీక్ష పట్టినది నూటికి తొంబది మందిని. అంగడిలో దొరకు క్యారెట్ సారముతో చేసిన చర్మపరీక్ష పట్టినది నాల్గవవంతు మందిని మాత్రమే. పచ్చి క్యారెట్టులో సూదిని గ్రుచ్చి, అదే సూదిని చర్మముపై గ్రుచ్చగా అందరును పట్టుబడిరి! కూరగాయల మాంసకృత్తులు అంత సున్నితములు. సీసాలోనికి పోవునప్పటికే చాలవరకు చెడిపోవును. కాబట్టి, తిన్న పది నిమిషములలో గొంతు బిగిసినదని ఒకరు చెప్పుచుండగా కాగితములో సున్న వచ్చినచో, ఆ సున్నను నమ్మి మరల తినిపించుట ప్రాణముతో చెలగాటము. అట్టివారికి కావలసినది నిపుణుని దర్శనము, అడ్రినలిన్ సూదిమందు దగ్గరనుంచుకొనుట.

పరీక్షల పేర ఇంకను రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొత్తము ఐజి-ఇ యను అంకె హెచ్చుగా నున్నదని కొందరు బెంగపెట్టుకొందురు. మన దేశమున ఏలికపాములున్నను అది పెరుగును, ఉబ్బసమున్నను పెరుగును. దానినిబట్టి ఏ కూరగాయనుగూర్చియు ఏమియు చెప్పరాదు. ఇక రెండవది వ్యాపారము. ఐజి-ఇకి మారుగా ఐజి-జి యను వేరొక ప్రతిరక్షకమును కొలిచి, నూరు, నూటయేబది పదార్థముల పట్టికయిచ్చి, ఇవి మీకు పడవని చెప్పువారు కలరు. ఐజి-జి యనునది ఆ ఆహారమును మనుష్యుడు తినుచున్నాడనుటకు సాక్ష్యము. శరీరము దానిని ఓర్చుకొనుచున్నదనుటకుకూడ కావచ్చును. ఆహారము పడనిదని నిర్ణయించుటకు ఈ పరీక్ష తగదని యూరపు ఎలర్జీ వైద్యుల సంఘము 2008లోనే స్పష్టపరచినది. దినదినము తినునది పట్టికలో మొదట వచ్చుట సహజమే గదా. తెలుగువాని పట్టికలో వరియన్నము రాకున్న ఆశ్చర్యపడవలెను. ఆ కాగితమునకు వేలకొలది రూపాయలిచ్చి ఇంటనున్న వరినే వదలుకొనువారు కలరు.

మరి నిజము తేల్చునదేది? తినిచూచుటయే. 1976లో చార్లెస్ మే అను అమెరికా వైద్యుడు అనుమానింపబడిన ఆహారమును గొట్టపుమాత్రలలో దాచియిచ్చి, ఏ మాత్రలో నేమున్నదో రోగికిగాని, ఎదుటనున్న వైద్యునికిగాని తెలియకుండ పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టెను. భయము వలన కలుగు దురదకును, పదార్థము వలన కలుగు దురదకును ఇది హద్దు గీయును. అన్నివేళల ఇంతపని అక్కరలేదు. చిన్నపిల్లలకు వైద్యాలయమున, మందులు చేతికందునట్లుంచుకొని, కొంచెము కొంచెముగా బహిరంగముగనే తినిపింతురు. ఇంటివద్ద చేయవలసిన పని కాదిది. అంతకుముందు జరుగవలసినది చరిత్ర అడుగుట: ఏది తిన్నారు, పచ్చిదా వండినదా, ఎంతసేపటికి ఏమి జరిగినది, అప్పుడు పరుగెత్తుటవంటి శ్రమయేమైన చేసిరా (సెలెరీ విషయమున తిని పరుగెత్తినప్పుడే జబ్బుచేయువారుకూడ కలరు), మరల తిన్నప్పుడు మరల జరిగినదా. ఈ ప్రశ్నలకు సమాధానము వచ్చిన పిమ్మట, అనుమానము నిలిచిన ఒకటి రెండు పదార్థములకు మాత్రమే రక్తపరీక్ష వ్రాయు వైద్యుడు అసలైన వైద్యుడు. ముందు ప్రశ్న, పిమ్మట రక్తము. పెద్దపట్టికతో మొదలిడుటయనగా వల విసరి, పడినదానికెల్ల నేరము వెదకుట.

ఊహించుకొనిన ఆ గృహమునకు మరల పోవుదము. తుదకు తల్లిదండ్రులు ఆ బాలుని ఒక శిశువైద్యురాలికడకు గొనిపోయిరి. ఆమె కాగితమును మడిచి ప్రక్కనుంచి, “ఈ పరీక్షకు ముందు టమాటా తిన్నప్పుడల్లా బాబుకి ఏమయ్యేదమ్మా?” అని యడిగెను. తల్లి చాలసేపు ఆలోచించి, “ఏమీ అయ్యేది కాదండీ” అనెను. క్యారెట్టు తిన్నప్పుడు? ఏమియు లేదు. వంకాయ? అసలు పెట్టనే లేదు. వేరుసెనగ తిన్నప్పుడు మాత్రము రెండుసార్లు పెదవి వాచినది. ఆ సంగతి ఆ పెద్దజాబితాలో పడి కనుమరుగైయుండెను. ఆమె వేరుసెనగను అట్లే మాన్పించి, దానికి మాత్రము ప్రత్యేకముగా పరీక్ష వ్రాసి, చర్మమునకు పూతమందును, స్నానము పిమ్మట రాయుటకు నూనెవంటి లేపనమును ఇచ్చి, తక్కినవానికి ఒక ఉదయము పిల్లవానిని వైద్యాలయమునకు తీసికొనిరమ్మనెను.

ఆ ఉదయము తల్లి ఒక చిన్న డబ్బాలో టమాటాపప్పు కలిపిన అన్నము తెచ్చెను. ఒక చెంచా, పదునైదు నిమిషములు. రెండు చెంచాలు, మరల పదునైదు నిమిషములు. ఆమె దృష్టి గోడగడియారముమీదను, వాని పెదవులమీదను. వాడు మాత్రము తరువాతి చెంచాకు అంతసేపు ఏల ఆగవలెనని పేచీ పెట్టుచుండెను.